బట్టలారబెట్టే మిషను కోనసీమ ఇంటికి అవసరమా?

అమలాపురం: ముసురు పట్టిందంటే కోనసీమ గృహిణికి మొదటి బెంగ బట్టల గురించే. మూడు రోజులు ఎండ మొహం కనబడకపోతే వసారాలో దండేలు, కిటికీ చువ్వలు, మంచం పట్టెలు అన్నీ తడిబట్టలతో నిండిపోతాయి. బడికి వెళ్ళే పిల్లవాడి యూనిఫారం తెల్లవారేసరికి ఇంకా చెమ్మగానే వుంటుంది. బాలింత వున్న ఇంట్లో పసిగుడ్డలు గుట్టలుగా పేరుకుంటాయి. ఆరీ ఆరని బట్ట మడతపెడితే ముక్క వాసన, కట్టుకుంటే దురద.

ఈ అవస్థ పడలేక, బట్టలారబెట్టే మిషను కొంటే ఏమన్న ఆలోచన పల్లెల్లో కూడా తలెత్తుతోంది. పట్నం షాపుల్లో చూసినవారు కొందరు, అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలుండి వచ్చి అక్కడి సుఖం చెప్పేవారు కొందరు. మిషను ఖరీదు చూస్తే రమారమి 30 వేల రూపాయలకు తక్కువ కాదు. అంత డబ్బు పోసి తెచ్చుకున్నది రోజూ పనికొస్తుందా, నాలుగు నాళ్ళ ముచ్చటై మూలపడుతుందా అన్నది కొనేముందే తేల్చుకోవలసిన విషయం.

డ్రయ్యరంటే ఏ డ్రయ్యరు?

ముందుగా ఒక పొరపాటు సవరించుకోవాలి. రెండు తొట్లుండే సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మిషనులో రెండో తొట్టిని పల్లెల్లో చాలామంది డ్రయ్యరనే పిలుస్తారు. నిజానికి అది ఆరబెట్టదు, పిండుతుంది. నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగి ఆ విసురుకు బట్టలోని నీటిని బయటకు నెట్టేస్తుంది. వేడి చేసే సాధనం అందులో వుండదు. అందుకే అందులోంచి తీసిన బట్టను మళ్ళీ దండెం మీద వేయక తప్పదు.

ఇప్పుడు చెప్పుకుంటున్న టంబుల్ డ్రయ్యరు వేరు. అది చూడడానికి ముందు తలుపున్న వాషింగ్ మిషనులాగే వుంటుంది. లోపల పెద్ద డోలు నెమ్మదిగా తిరుగుతూ బట్టలను పైకెత్తి కిందకు జారవిడుస్తుంటుంది. వాటి మధ్య నుంచి వేడిగాలి పోతుంది. గంట, గంటన్నరలో బట్టలు మడతపెట్టేందుకు సిద్ధంగా బయటకు వస్తాయి.

ఇందులో మూడు రకాలున్నాయి. మొదటిది తడిగాలిని గొట్టం ద్వారా ఇంటి బయటకు పంపేది. రెండోది ఆ ఆవిరిని లోపలే చల్లార్చి నీరుగా మార్చి ఒక తొట్టిలో పట్టేది. మూడోది హీట్ పంపు రకం. ఇది ఒకసారి పుట్టించిన వేడినే మళ్ళీ మళ్ళీ వాడుకుంటుంది. అందువల్ల కరెంటు సగానికి తక్కువే కాలుతుంది గాని, ధర బాగా ఎక్కువ, బట్టలారడానికి సమయమూ ఎక్కువే. ఇవికాక ఉతికి ఆరబెట్టే పని ఒక్కటే చేసే జంట మిషన్లున్నాయి. వీటితో జాగ్రత్త. 8 కిలోల బట్టలు ఉతికే జంట మిషను ఒక విడతలో సాధారణంగా 5 కిలోలే ఆరబెట్టగలదు. మిగిలినవి బయటకు తీసి మరో విడత వేసుకోవాలి.

నీటి లెక్క

ఖర్చు ఎక్కడ పడుతుందో తెలియాలంటే బట్టలో ఎంత నీరుందో చూడాలి. నలుగురున్న ఇంట్లో ఒకరోజు ఉతుకు పొడి బరువు 5 కిలోలనుకుందాం. చేత్తో పిండిన నూలుబట్టలో దాదాపు బట్ట బరువంత నీరు మిగిలిపోతుంది. అంటే 5 లీటర్లు. అవే బట్టలను మిషనులో బాగా స్పిన్ చేస్తే 3 లీటర్లు మిగులుతుంది.

ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి ప్రకృతి నియమం ప్రకారమే యూనిట్లో మూడింట రెండు వంతుల కరెంటు కావాలి. మిషనులో వృథా పోయేది కలుపుకుంటే లీటరుకు యూనిట్ వేసుకోవచ్చు. చేత్తో పిండిన బట్టలు డ్రయ్యరులో వేస్తే 5 యూనిట్లు, స్పిన్ చేసి వేస్తే 3 యూనిట్లు కాలుతుందన్నమాట.

ఇక్కడే అసలు కీలకముంది. ఆ తేడా 2 లీటర్ల నీటిని స్పిన్ తొట్టి అయిదు నిమిషాల్లో, యూనిట్లో పదో వంతు కూడా కాల్చకుండా తీసేస్తుంది. అదే నీటిని డ్రయ్యరు తీయాలంటే 2 యూనిట్లు కావాలి. పిండడం చౌక, కాచడం ఖరీదు. డ్రయ్యరున్నా లేకపోయినా మొదట డబ్బు పెట్టవలసింది మంచి స్పిన్ మీదే.

బిల్లు ఎంత పెరుగుతుంది?

2022-23 టారిఫ్ ప్రకారం ఇళ్ళకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, తర్వాత 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆ పైన రూ.9.75గా నిర్ణయించారు. వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్లు పై ధరకు పోతాయి. కాబట్టి డ్రయ్యరు తాగే కరెంటు ఎప్పుడూ ఆ ఇంటి బిల్లులో ఖరీదైన యూనిట్లలోనే పడుతుంది.

ఒక ఇంట్లో నెలకు 120 యూనిట్లు వాడుతున్నారనుకుంటే ఆ శ్లాబుల లెక్కన కరెంటు ధర రూ.394.50. రోజుకొక విడత డ్రయ్యరు వేస్తే నెలకు 90 యూనిట్లు అదనం. మొత్తం 210 యూనిట్లకు ధర రూ.927. అంటే నెలకు 532 రూపాయల పైచిలుకు, ఏడాదికి దాదాపు 6,400 రూపాయలు ఎక్కువ. సర్దుబాటు చార్జీలు, సుంకం దీనిమీద వేరు. ఏసీ వున్న ఇంట్లో వాడకం 225 దాటితే, ఆ పైన డ్రయ్యరు కాల్చే ప్రతి యూనిట్‌కు రూ.8.75 కట్టాలి. నెలకు ఇన్ని యూనిట్ల లోపు అన్న షరతుతో ఉచిత కరెంటు పొందే ఇళ్ళవారు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. పరిమితి దాటితే ఆ సదుపాయానికే ముప్పు రావచ్చు.

ముసురు రోజులెన్ని?

ఏడాది పొడవునా కోనసీమలో తడే వుంటుందనిపిస్తుంది గాని లెక్క వేస్తే సంగతి వేరు. రోజుకు రెండున్నర మిల్లీమీటర్లు, అంతకు మించి వాన పడితే దాన్ని వాతావరణ శాఖ వానరోజుగా లెక్కిస్తుంది. గోదావరి జిల్లాల తీరప్రాంతంలో అటువంటి రోజులు ఏడాదికి సుమారు యాభై, అరవై. వాటిలోనూ పొద్దున్న జల్లు కురిసి మధ్యాహ్నం ఎండ కాసే రోజులుంటాయి. మిగిలిన మూడు వందల రోజులు దండెం మీద వేసిన బట్ట సాయంత్రానికి పెళపెళలాడుతుంది.

35 వేల రూపాయల మిషను పదేళ్ళు పనిచేసిందనుకుందాం. ఏడాదికి 60 విడతలే వాడితే మొత్తం 600 విడతలు. విడతకు మిషను ఖరీదే రూ.58 పడుతుంది. కరెంటు రూ.18 కలిపితే రూ.76. రోజూ వాడితే విడతకు మిషను ఖరీదు 10 రూపాయలలోపు పడుతుంది. కాని అప్పుడు ఎండ వుచితంగా చేసిపెట్టే పనికి ఏడాదికి 6 వేల పైచిలుకు కరెంటు బిల్లు కట్టినట్టవుతుంది. రెండు విధాలా గిట్టుబాటు కష్టమే.

వరద వేళ అక్కరకు రాదు

మరో చిక్కు వుంది. డ్రయ్యరు అవసరం ఎప్పుడు ఎక్కువగా వుంటుందో అప్పుడే కరెంటు వుండదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు, 2022 జూలైలో మూడో ప్రమాద హెచ్చరిక దాటినప్పుడు లంకగ్రామాలవారు పడవల మీద రాకపోకలు సాగించారు. 1996 నవంబరు 6 తుపానుకు కొబ్బరిచెట్లతోపాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. వూళ్ళు రోజుల తరబడి చీకట్లో వుండిపోయాయి. అటువంటి వేళ 35 వేల మిషను ఒక ఇనుప పెట్టె మాత్రమే. ఇన్వర్టరు బ్యాటరీ రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు లాగుతుంది గాని, 2 వేల వాట్ల పైచిలుకు లాగే డ్రయ్యరును మొయ్యలేదు.

మామూలు రోజుల్లోనూ వోల్టేజీ బెడద వుంది. 230 వోల్టులు రావలసిన చోట 200 వస్తే మిషను వేడి రమారమి నాలుగో వంతు తగ్గిపోతుంది. గంటన్నర పని రెండు గంటలు పడుతుంది. పల్లెల్లో పాత కనెక్షన్లు చాలావరకు కిలోవాటు, అంతకు తక్కువ లోడుకు తీసుకున్నవే. డ్రయ్యరు పెట్టాలంటే లోడు పెంచుకోవాలి. 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి తగిన లావు తీగ, సరైన ఎర్తు వుండాలి. టీవీ పెట్టుకునే చిన్న ప్లగ్గులో ఎక్స్‌టెన్షన్ తీగతో పెడితే తీగ వేడెక్కి అంటుకునే ప్రమాదముంది.

అమెరికా సంగతి వేరు

అమెరికాలో ఇంటింటా వున్నది కదా, ఇక్కడెందుకు వద్దని అడిగేవారున్నారు. అక్కడ ప్రతి అయిదిళ్ళలో నాలుగింట డ్రయ్యరుందన్న మాట నిజమే. కాని కారణాలు వేరు. చాలాచోట్ల నెలల తరబడి మంచు, గడ్డకట్టే చలి. 1938లో అక్కడ అమ్మకానికి వచ్చిన తొలి డ్రయ్యర్లలో ఒకదానికి 'జూన్ డే' అని పేరు పెట్టారు. చలికాలంలోనూ ఎండాకాలపు రోజులా బట్టలారతాయని దాని భావం. అదీగాక, ఆరుబయట బట్టలు వేలాడితే వీధి అందం చెడుతుందని చాలా కాలనీల సంఘాలు దండేలు కట్టడాన్నే నిషేధించాయి. దండెం కట్టుకునే హక్కు కోసం చట్టాలే చేయవలసి వచ్చింది. మెయిన్, వెర్మాంట్ రాష్ట్రాలు 2009లో అటువంటి చట్టాలు చేశాయి. స్విట్జర్లాండ్ 2012 నుంచి కరెంటు తక్కువ కాల్చే హీట్ పంపు తరహావి తప్ప పాత రకాల అమ్మకాన్ని ఆపించింది.

కోనసీమలో పెరడు వుంది, డాబా వుంది, ఎండ వుంది. పాత మండువా లోగిళ్ళలో చూరు కింద నాలుగు వైపులా వున్న వసారాలే వానాకాలపు దండేలు. వానజల్లు పడకుండా, గాలి తగిలేలా వుండేవి. మండువాలు పోయి స్లాబు ఇళ్ళు వచ్చాక బట్టలు డాబా ఎక్కాయి. మబ్బు కమ్మగానే పరుగెత్తుకెళ్ళి తీసుకురావలసి వస్తోంది. ఇంటి చుట్టూ కొబ్బరి, పోక, అరటి చెట్ల నీడ వుంటే పెరట్లోనూ ఎండ పడదు. ఇబ్బంది అక్కడుంది.

చీరలు, పంచెలు వేయవచ్చా?

మిషను ఏ బట్టల కోసం పుట్టిందో అది చూడాలి. తువ్వాళ్ళు, లుంగీలు, దుప్పట్లు, లోదుస్తులు, పసిగుడ్డలు డ్రయ్యరులో బాగా ఆరతాయి. వేడికి నల్లులు, దుమ్ము పురుగులు కూడా చస్తాయి. అయిదున్నర మీటర్ల చీర మాత్రం డోలులో తాడులా మెలికపడి, పైన ఆరి లోపల తడిగానే వుంటుంది. పట్టు, జరీ బట్టలు వేయనే కూడదు. కొత్త నూలుబట్ట కుదించుకుపోతుంది. ఎలాస్టిక్ త్వరగా సాగిపోతుంది.

బట్టల నుంచి వూడే నూలు పీచు డ్రయ్యరులో ఒక జల్లెడకు పట్టుకుంటుంది. ప్రతి విడతకూ దాన్ని తీసిపారేయాలి. లేకపోతే గాలి ఆడక పీచు వేడెక్కి నిప్పంటుకుంటుంది. అమెరికాలో 2008-10 మధ్య ఇళ్ళలో ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు డ్రయ్యర్ల వల్ల జరిగాయని అక్కడి అగ్నిమాపక విభాగం లెక్కకట్టింది. శుభ్రం చేయకపోవడమే అందులో ప్రధాన కారణం. పసిపిల్లకు, మంచాన పడ్డ పెద్దవారికి నూనెతో మర్దనా చేసి తుడిచిన గుడ్డలు, వంటనూనె మరకలున్న మసిగుడ్డలు, పెట్రోలు, కిరసనాయిలు అంటిన పనిబట్టలు డ్రయ్యరులో వేయకూడదు. ఒకసారి ఉతికినా నూనె పూర్తిగా పోదు.

తడిగాలిని బయటకు పంపే రకం కొని గొట్టం కిటికీలోంచి బయటకు పెట్టకపోతే మరో ముప్పు. విడతకు 3 లీటర్ల నీరు ఆవిరై గదిలోనే తిరుగుతుంది. గోడలకు బూజు పడుతుంది. ఉబ్బసం వున్నవారికి అది మరీ చెరుపు.

ఎవరికి పనికొస్తుంది?

ఇన్ని చెప్పినా డ్రయ్యరు దండగని అందరికీ ఒకే మాట చెప్పడం న్యాయం కాదు. కొన్ని ఇళ్ళలో అది సుఖం కోసం కాదు, అవసరం. పక్షవాతంతోనో, తుంటి విరిగో మంచానపడ్డ పెద్దవారికి రోజుకు మూడు నాలుగు సార్లు దుప్పట్లు మార్చవలసిన ఇల్లు అందులో ఒకటి. తడి దుప్పటి మీద పడుకుంటే వీపున పుండ్లు పడతాయి. కవలపిల్లలు పుట్టిన ఇల్లు, బట్టలెత్తి డాబా ఎక్కలేని ముసలి దంపతులే వున్న ఇల్లు కూడా అంతే. చుట్టూ చెట్లనీడ, పైన డాబా లేక ఆరుబయట చోటే లేని ఇల్లు మరొకటి. ఇటువంటివారు ఖర్చు భరించగలిగితే హీట్ పంపు రకం చూసుకోవడం మంచిది. రోజూ వాడే ఇంట్లోనే దాని అదనపు ధర కరెంటు ఆదాలో తిరిగొస్తుంది.

లాడ్జీలు, ఆసుపత్రులు, కల్యాణ మండపాల బట్టలు ఉతికే రజక వృత్తిదారుల విషయం మరొకటి. కాలువ గట్ల మీద చాకిరేవులు పెట్టుకుని బతికిన కుటుంబాలకు ఇంటింటా వాషింగ్ మిషను రావడంతో ఉతుకు తగ్గి, చాలామంది ఇస్త్రీ బండి మీదికి మళ్ళారు. వేసవిలో కాలువలు కట్టేస్తే నీళ్ళుండవు, వానాకాలంలో నీళ్ళుంటే ఎండ వుండదు. నలుగురైదుగురు కలిసి ఒక పెద్ద డ్రయ్యరు పెట్టుకుంటే అది రోజంతా తిరుగుతుంది, ఖరీదు పదిమంది బట్టల మీద పంచుకుపోతుంది. ముసురు రోజుల్లో వూళ్ళోవారు దుప్పట్లు, పసిగుడ్డలు అక్కడే ఇచ్చి కూలి చెల్లిస్తే ఇంటింటికీ 35 వేలు పోయవలసిన పనీ వుండదు.

తక్కువ ఖర్చు దారులు

మిగిలిన ఇళ్ళవారికి కొద్ది ఖర్చుతో తీరే మార్గాలున్నాయి. డాబా మీదగాని పెరట్లోగాని నాలుగు గుంజలు పాతి, వెలుతురు దూరే ప్లాస్టిక్ రేకు కప్పు వేసి, పక్కలు తెరిచి వుంచాలి. వాన తడపదు, గాలి ఆడుతుంది, మబ్బు వెలుగు కూడా పనిచేస్తుంది. తుపాను గాలికి లేచిపోకుండా రేకు గట్టిగా బిగించాలి.

వాన రోజుల్లో బట్టలు రెండుసార్లు స్పిన్ చేయాలి. మిషను లేనివారు పిండిన బట్టను పొడి తువ్వాలులో చుట్టి గట్టిగా నొక్కితే మరికొంత నీరు దిగుతుంది. దండెం మీద బట్టకు బట్టకు జానెడు ఎడం వుండాలి. చీరను నాలుగు మడతలుగా ఒకే తాడు మీద కాకుండా రెండు తాళ్ళ మీద పరచాలి. ప్యాంట్లు తిరగేసి వేయాలి.

గదిలో ఆరవేస్తే కిటికీ తెరిచి ఫ్యాను వేయాలి. 75 వాట్ల ఫ్యాను రాత్రంతా ఎనిమిది గంటలు తిరిగినా 0.6 యూనిటే. డ్రయ్యరు 3 యూనిట్లతో గంటన్నరలో చేసే పనిలో చాలా భాగం అది తెల్లవారేలోగా చేసిపెడుతుంది. మిగిలిన చెమ్మకు ఇస్త్రీ పెట్టె చాలు. ఆడవారు నెలసరి గుడ్డలను సిగ్గుపడి చీకటి మూలల్లో, వేరే బట్టల కింద దాచి ఆరవేయడం ఆరోగ్యానికి హాని. వాటికి ఎండ తగలాలి. ఎండ లేనినాడు వేడి ఇస్త్రీ చేసి వాడుకోవాలి. పూర్వం పసిగుడ్డలు కుంపటి మీద బుట్ట బోర్లించి ఆరబెట్టేవారు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం మాత్రం ప్రాణాపాయం. దాని విషవాయువుకు వాసన వుండదు.

పసిబిడ్డగాని, మంచాన పడ్డ మనిషిగాని లేని ఇంట్లో రోజువారీ ఉతుకు కోసం డ్రయ్యరు కొనడం కోనసీమలో గిట్టుబాటు వ్యవహారం కాదు. కొనదలచినవారు కూడా ఒక ముసురుకాలం పైన చెప్పిన పద్ధతులు పాటించి చూడాలి. అప్పటికీ ఏ రోజుల్లో, ఏ బట్టలు, ఎన్ని ఆరక మిగిలాయో రాసి పెట్టుకోవాలి. ఆ చీటీ, తమ ఇంటి కరెంటు బిల్లు రెండూ చేతపట్టుకుని షాపుకు వెళితే ఎవరి మాటలూ వినవలసిన అవసరం వుండదు.